వేడెక్కే వాల్వు, లెక్కలు వేసే చిప్పు

పాతకాలపు వాల్వు రేడియో గురించి మీ తాతగారిని అడగండి. స్విచ్ వేయగానే పాట వచ్చేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కేదాకా కాసేపు ఆగాల్సిందే! 1947లో ట్రాన్సిస్టర్ పుట్టాక, రేడియోల్లోంచి వాల్వులు క్రమంగా తప్పుకున్నాయి. కాని ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ళలో చాలామంది ఇప్పటికీ వాటిని వదలడం లేదు. ఎందుకని?

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ రాగితీగ చుట్టలు ఉంటాయి. పైనున్న ఉక్కు తీగ కంపిస్తే, చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరుకు అందించేదే ఆంప్లిఫయర్.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడుల వాల్వు తయారుచేశాడు. అందులో వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రానులు ఆనోడ్ వైపు పరుగెడతాయి. మధ్యనున్న గ్రిడ్ కాలవ తూముకు తలుపులాంటిది. తలుపు కొంచెం కదిలితే చాలు, ప్రవాహం ఎంతో మారుతుంది.

అయితే తలుపు ఎంత ఎత్తినా, కాలవలో ఉన్న నీరే కదా వస్తుంది! అలాగే గిటారు సంకేతం మరీ పెద్దదైతే, తరంగం శిఖరాలు తెగిపోతాయి. మామూలు ట్రాన్సిస్టర్ సర్క్యూట్ వాటిని కత్తితో కోసినట్లు చదునుగా కోస్తుంది. వాల్వు సర్క్యూట్ చాలావరకు మెల్లగా గుండ్రం చేస్తుంది. ఆకారం మారితే కొత్త అనుస్వరాలు పుడతాయి. 200 హెర్ట్జ్ స్వరానికి 400, 600, 800 హెర్ట్జ్ స్వరాలు తోడవుతాయి. రేడియో ఇంజనీరుకు ఇది దోషం. గిటారు వాద్యకారుడికి ఇదే కావాలి! 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్, ఇలాంటి గరగర ధ్వని కోసం స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు.

డిజిటల్ మోడలర్ ఈ పనిని లెక్కలతో చేస్తుంది. సంకేతాన్ని సెకనుకు, ఉదాహరణకు, 48,000 సార్లు కొలుస్తుంది. ఒక్కొక్క అంకెనూ వాల్వు ఎలా మార్చేదో లెక్కకట్టి స్పీకరుకు పంపుతుంది. 1998లో లైన్ 6 కంపెనీ తెచ్చిన పాడ్ అలాంటిదే.

ఇక్కడ ఒక చిక్కుంది. 48,000 కొలతలతో 24,000 హెర్ట్జ్ వరకే పట్టుకోగలం. లెక్కలో 30,000 హెర్ట్జ్ అనుస్వరం పుడితే, అది 18,000 హెర్ట్జ్‌గా మారువేషంలో తిరిగివస్తుంది! అందుకే లోపల మరిన్ని రెట్ల వేగంతో లెక్కించి, అక్కరలేనివి వడపోస్తారు. మరి లెక్కకు పట్టే ఆలస్యం? సెకనులో 1000వ వంతులు మూడు అనుకోండి. ఆ కాలంలో ధ్వని గాలిలో సుమారు ఒక మీటరు పోతుంది. అంటే స్పీకరుకు ఒక మీటరు దూరం జరిగి నిలబడినట్లే.

వాల్వు ఆంప్లిఫయర్ బరువు, వేడి ఎక్కువ. వాల్వులు అరిగిపోతాయి. లోపల 400 వోల్టులు ఉండవచ్చు. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక, మీరెన్నడూ దాన్ని విప్పవద్దు. మోడలర్ తేలిక, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని అర్ధరాత్రి కూడా వాయించుకోవచ్చు.

మరి ఏది మేలు? గదిలో మోగే పెద్ద స్పీకరుతో హెడ్‌ఫోన్‌ను పోలిస్తే అది న్యాయం కాదు. కాస్త బిగ్గరగా ఉన్నదే మన చెవికి బాగున్నట్లు తోస్తుంది కూడా. కనుక రెంటినీ ఒకే స్పీకరుకు కలపాలి, ధ్వని స్థాయి సమానం చేయాలి, ఏది మోగుతోందో వినేవారికి తెలియకూడదు. అప్పుడు పదిసార్లు వినిపించి, ఎన్నిసార్లు సరిగ్గా చెప్పారో లెక్కపెట్టండి. ఐదుసార్లే సరిపోతే, అది బొమ్మాబొరుసూ వేసి చెప్పినట్లే!