రమ్మీ నేర్పు వేరు.. టోర్నమెంటు వేరు

ఎర్రుపాలెం: మిర్చి సొమ్ము చేతికందే రోజుల్లో పల్లెల్లో పేక కట్ట విప్పడం కొత్తేమీ కాదు. రమ్మీలో చేయి తిరిగినవారికి పోకర్ టోర్నమెంటుపై మనసు పోవడమూ సహజమే. అయితే ఆ ముచ్చట ఇక్కడ తీరేది కాదు.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటని, మూడు ముక్కలాట కేవలం అదృష్టమని చెప్పింది. పందెం కట్టే రమ్మీకి ఆ వెసులుబాటును తెలంగాణ 2017లో చట్ట సవరణతో ఎత్తివేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025లో నిషేధించింది. ఇక మిగిలింది గోవాలో మాండోవి నదిపై నిలిచే పడవల్లోని క్యాసినోలు.

అక్కడ లెక్క వేరు. రమ్మీలో 13 ముక్కలు చేతిలో ఉంటాయి. పోకర్‌లో ఎక్కువగా ఆడే పద్ధతిలో చేతికి రెండే, తక్కిన అయిదూ బల్లమీద అందరివీ. ప్రవేశ రుసుము కట్టినవారికి చిప్పులిస్తారు. తప్పనిసరి పందెం నిర్ణీత సమయానికి పెరుగుతూ పోతుంది. మంచి ముక్కల కోసం ఓపిక పట్టి కూర్చున్నవాడి చిప్పులు కూర్చున్నచోటే కరిగిపోతాయి.

2003లో 86 డాలర్ల అర్హత పోటీ ద్వారా ప్రపంచ పోటీకి చేరిన అమెరికన్ అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. అతని పేరు అందరికీ గుర్తే. కాని ఆ పోటీలో దిగిన 839 మందిలో బహుమతి దక్కింది 63 మందికే. మిగతా 776 మంది ఉత్తచేతులతో ఇంటిదారి పట్టారు.

స్టేషనులో రైలెక్కే ముందు తలచుకోవలసింది ఆ 776 మందినే. ఆట ఓడితే ముక్కలు మళ్లీ పంచవచ్చు. పంట సొమ్ము ఓడితే మళ్లీ పంట దాకా ఇల్లు గడవాలి కదా!