ఈద్ మర్నాడు మంగినపూడి వెళ్తున్నారా? నీళ్ల సంగతి కాస్త తెలుసుకోండి

రంజాన్ ఈద్ నమాజు అయిపోయి, చుట్టాల ఇళ్లకు వెళ్లిరావడం పూర్తయ్యాక మర్నాడు పిల్లలు అడిగేది ఒకటే: బీచ్‌కి వెళ్దాం. విజయవాడ, గుడివాడ వైపు కుటుంబాలు ఎక్కువగా వెళ్లేది మంగినపూడికే. విజయవాడ నుంచి మచిలీపట్నం సుమారు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి బీచ్ ఇంకో 11 కిలోమీటర్లు. ఇక్కడ నేల నల్లగా, బంకమట్టి కలిసి ఉంటుంది. ఒడ్డు నుంచి చాలా దూరం దాకా లోతు తక్కువే. పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఈ బీచ్ నచ్చడానికి కారణం అదే. ఏమరుపాటు వచ్చేది కూడా అక్కడే.

పేరులోనే రేవు

మచిలీపట్నాన్ని ఇక్కడివాళ్లు బందరు అంటారు. ఫారసీలో, ఉర్దూలో 'బందర్' అంటే రేవు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో రాజ్యానికి ప్రధాన రేవు ఇదే. ఇక్కడి అద్దకపు బట్టలు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కి, యెమెన్‌లోని మోఖాకి వెళ్లేవి. ఎర్ర సముద్రం వైపు సాగే ఓడల్లో హజ్ యాత్రికులూ ఉండేవారు. ఈ సరుకు కోసమే డచ్‌వాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరుకు వచ్చారు. పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం ఇప్పటికీ నడుస్తోంది.

అయితే కృష్ణా నది తెచ్చే ఒండ్రు వల్ల తీరంలో లోతు ఉండదు. పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేక దూరంగా లంగరు వేసేవి. సరుకైనా, హాజీలైనా చిన్న పడవల్లో వెళ్లి ఓడ ఎక్కాల్సిందే. కాలం గడిచేకొద్దీ వ్యాపారం మద్రాసు వైపు మళ్లింది, బందరు వెనకబడింది.

1864 నవంబరు 1న వచ్చిన తుపాను పట్టణాన్ని తుడిచిపెట్టింది. ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. లోతైన సముద్రంలో గాలి తోసిన నీరు కిందికి జారిపోతుంది. లోతు తక్కువైన చోట నీటికి వెళ్లే దారి ఉండదు, గోడలా లేచి ఊరి మీదికి వస్తుంది. 1977లో దివిసీమలోనూ ఉప్పెనే వేల ప్రాణాలు తీసింది. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఎండ కాస్తున్నా సరే, ప్రయాణం మానుకోవాలి.

ఈద్‌కీ పోటుకీ సంబంధం

నెలవంక కనిపించాకే ఈద్. అంటే అమావాస్య దాటి ఒకటి రెండు రోజులే అయి ఉంటుంది. అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేస్తుంది కాబట్టి ఆ రోజుల్లో పోటు ఎక్కువ. సరిగ్గా మనం పిల్లల్ని తీసుకుని వెళ్లే రోజులవే. వాలు తక్కువగా ఉన్న తీరంలో నీరు కాస్త పెరిగినా చాలా మేర మునిగిపోతుంది. వెళ్లేటప్పుడు మడమల లోతున్న చోట, తిరిగి వచ్చేటప్పుడు పిల్లాడి నడుము దాకా రావొచ్చు.

బక్రీద్ నెలలో పదో రోజున వస్తుంది. అప్పుడు పోటు కొంత తక్కువే అయినా, పున్నమి దగ్గరపడుతుంది కాబట్టి రోజురోజుకీ పెరుగుతూ ఉంటుంది. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. ఆ రోజు వేళలు అక్కడి జాలర్లను అడిగితే చెప్తారు.

వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

• నీళ్లలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి పెద్దవాళ్లలో ఒకరు ఒడ్డునే ఉండాలి. ఆ సమయంలో ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.

• రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో సన్నగా ప్రశాంతంగా కనిపించే చోటు మంచిది కాదు. నీరు వెనక్కి లాగేది అక్కడే. లాగేస్తే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి.

• బుర్ఖా, చీర, పొడుగు కుర్తా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. మోకాళ్ల లోతు దాటకపోవడం మేలు.

• బంకమట్టి జారుతుంది. ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించండి.

ఉదయమే బయల్దేరితే ముందు బందరుకోట దగ్గర డచ్ సమాధులు చూపించొచ్చు. పట్టణంలో జొహర్ నమాజు చదువుకుని, భోజనం చేసి, పిల్లలకు బందరు లడ్డు కొనిపెట్టి బీచ్‌కి వెళ్తే ఎండ తగ్గి ఉంటుంది. మగ్రిబ్‌కు ముందే అందరినీ నీళ్లలోంచి బయటకు పిలిచి, ఒకసారి లెక్కపెట్టుకోండి.