విమానం నడిపిన హేజెల్

అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే పట్నం ఉంది. 1912లో అక్కడ ఒక చైనా వాళ్ల ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. పేరు హేజెల్ యింగ్ లీ.

ఆ రోజుల్లో అమెరికాలో చైనా వాళ్లంటే చిన్నచూపు. మంచి పనులు ఇచ్చేవాళ్లు కాదు. హేజెల్‌కు ఒక పెద్ద దుకాణంలో లిఫ్టు నడిపే పని దొరికింది. జనాన్ని మేడ మీదికి ఎక్కించాలి, కిందికి దించాలి. ఆమె అంతటితో ఊరుకోలేదు. విమానం నడపడం నేర్చుకుంది. 1932లో లైసెన్సు తెచ్చుకుంది.

అప్పటికే జపాను సైన్యం చైనాలో జొరబడింది. హేజెల్ 1933లో చైనా వెళ్లింది. సైన్యంలో చేరి విమానం నడుపుతానంది. ఆడదానివి, వద్దు పొమ్మన్నారు. కొన్నేళ్లకు తిరిగి అమెరికా వచ్చేసింది.

1941లో అమెరికా కూడా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. మగ పైలట్లు యుద్ధానికి పోతున్నారు. మరి ఫ్యాక్టరీలో తయారైన విమానాలను సైన్యానికి ఎవరు చేర్చాలి? దానికోసం ఆడవాళ్లను తీసుకున్నారు. ఆ దళం పేరు వాస్ప్. అందులో సుమారు 1,100 మంది పనిచేశారు. 1943లో హేజెల్ కూడా చేరింది.

విమానాలు సైన్యానివి. ఆజ్ఞలు సైన్యానివి. కానీ కాగితం మీద మాత్రం వీళ్లు సైనికులు కారు, మామూలు ఉద్యోగులు. ఈ ఒక్క మాట వల్ల ఎంత నష్టం జరిగిందో చూడండి. పనిలో చనిపోతే సైనిక మర్యాద లేదు. శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా ప్రభుత్వం ఇవ్వదు. తోటి ఆడవాళ్లే చందాలు వేసుకుని పంపిన సందర్భాలున్నాయి. ఆ దళంలో 38 మంది చనిపోయారు.

హేజెల్ నవ్వించే మనిషి. స్నేహితుల ముద్దుపేర్లను విమానం తోక మీద లిప్‌స్టిక్‌తో చైనా అక్షరాల్లో రాసేదట. ఒకసారి ఇంజను చెడి, గోధుమ చేలో దిగాల్సి వచ్చింది. రైతు ఆమె మొహం చూసి జపాను వాళ్లు దిగారనుకున్నాడు. పంగలకర్ర పట్టుకుని వెంటపడ్డాడు! ఆమె సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

1944 నవంబరులో ఆమె ఒక యుద్ధ విమానాన్ని గ్రేట్ ఫాల్స్ అనే ఊరికి తీసుకెళ్లింది. అది అక్కడి నుంచి రష్యాకు పోవాలి. 23వ తేదీన కిందికి దిగుతుండగా ఇంకో విమానం వచ్చి గుద్దుకుంది. దాని రేడియో పనిచెయ్యలేదు. మంటల్లోంచి హేజెల్‌ను బయటికి లాగారు. ఒళ్లంతా కాలింది. రెండు రోజులకు ప్రాణం పోయింది. ఆమెకు 32 ఏళ్లు.

మూడు రోజులకే ఇంటికి ఇంకో కబురు. ఆమె తమ్ముడు విక్టర్ ఫ్రాన్సులో యుద్ధంలో చనిపోయాడు. ఇద్దరినీ ఒకేచోట పూడ్చడానికి స్థలం కావాలని ఇంటివాళ్లు అడిగారు. అది తెల్లవాళ్ల చోటు, చైనా వాళ్లకు ఇవ్వం అన్నారు శ్మశానం వాళ్లు. ఇద్దరు బిడ్డలు దేశం కోసం పోయినా ఆ మాటే! ఇంటివాళ్లు వదల్లేదు. పోట్లాడి స్థలం సాధించారు. అక్కాతమ్ముళ్లు అక్కడే ఉన్నారు.

వాస్ప్‌ను 1944 డిసెంబరులోనే ఎత్తేశారు. బతికున్న ఆడవాళ్లు ఏళ్లతరబడి అడిగారు. చివరికి 1977లో, 33 ఏళ్ల తర్వాత, చట్టం వచ్చింది. వీళ్లు చేసింది సైనిక సేవే అని కాగితం మీద రాశారు. 2010లో ఆ దళానికంతా బంగారు పతకం ఇచ్చారు. అప్పటికి బతికున్నవాళ్లు మూడు వందల లోపే.