స్త్రీపురుషులు కలసి యాడిన పందెము

భద్రాచలపుటడవుల యంచున, గోదావరి చెంతఁ గాఁపురముండు మనకు గాల్ఫు క్రొత్త యాట. కఱ్ఱతోఁ జిన్న బంతిని గొట్టి వరుసగాఁ బదునెనిమిది గుంటలలోఁ బడవేయవలెను. మన చిర్రగోనెలో దూరము పెరిగినకొలఁది లెక్క పెరుగును. ఇందు దెబ్బలు తగ్గినవారిదే గెలుపు.

పురుషులకును స్త్రీలకును వేఱువేఱు పోటీలుండుట లోకాచారము. స్వీడను దేశమున 2021లో దీనిని దాఁటిరి. ఐరోపా పురుషుల సంఘమునుండి 78 మంది, స్త్రీల సంఘమునుండి 78 మంది ఒక్క మైదానమున, ఒక్క బహుమానమునకై యాడిరి. ఆ పోటీ పేరు స్కాండినేవియన్ మిక్స్‌డ్. మఱుసటి యేఁట హామ్‌స్టాడ్‌లో లిన్ గ్రాంట్ అను 22 ఏండ్ల స్వీడను యువతి 9 దెబ్బల తేడాతో గెలిచెను. రెండవ స్థానమున నిలిచిన యిద్దఱిలో నొకఁడు ఆ పోటీకి ఆతిథేయుఁడైన హెన్రిక్ స్టెన్సనే!

స్త్రీలు కొంత ముందునుండి కొట్టుదురు గనుక నది సరియైన గెలుపు కాదని యనువారుందురు. నాకది యొప్పదు. ఆ వెసులుబాటు భుజబలపు తేడాకే. గుంటచెంత బంతిని మెల్లఁగాఁ ద్రోయునపుడు ఎవరికిని వెసులుబాటు లేదు.

2024లో గ్రాంట్ చివరినాఁడు 11 దెబ్బలు వెనుకఁబడి యుండియు నొక్క దెబ్బతో మరల గెలిచెను. ముందున్నవాఁడు పురుషుఁడు, చివరి గుంటయొద్దఁ దడఁబడినదియు నాతఁడే.