వెంట్రుకకన్నా సన్నని నాళానికి కొలత

ధమనులకూ సిరలకూ నడుమ కంటికి ఆనని సన్నని నాళాలున్నాయని 1661లో మాల్పీజీ అనే వైద్యుడు కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు. వాటినే కేశనాళికలంటున్నాం. ఇవి ఎంత లావున్నాయి, ఎక్కడ చీలి ఎక్కడ కలుస్తున్నాయి అన్నది ఇవాళ్టి పరిశోధకుల ప్రశ్న. మధుమేహంలో, మతిమరుపు జబ్బుల్లో ముందుగా దెబ్బతినే వాటిలో ఇవీ ఉన్నాయి కాబట్టి ఆ లెక్క కచ్చితంగా ఉండాలి.

ఎలుక మెదడునే తీసుకుందాం. రక్తంలోకి మెరిసే రంగు ఎక్కించి, టూ-ఫోటాన్ సూక్ష్మదర్శినితో పైనుంచి లోపలికి పొరపొరగా బొమ్మలు తీస్తారు. 1990లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆ పొరలన్నీ పేరిస్తే త్రిమితీయ చిత్రం వస్తుంది. అందులో నాళమేదో, చుట్టూ ఉన్న కణజాలమేదో కంప్యూటర్ వేరు చేసి, ప్రతి నాళాన్నీ నడిగీతగా కుదిస్తుంది. పొడవులూ కూడళ్లూ ఆ గీతల మీదే లెక్కిస్తారు.

మొదటి చిక్కు లావు దగ్గరే. సూక్ష్మదర్శినికి అడ్డంగా ఉన్నంత స్పష్టత లోతులో ఉండదు. అందుకే గుండ్రని నాళం కోడిగుడ్డులా నిలువుగా సాగి కనిపిస్తుంది. 5 మైక్రాన్ల నాళాన్ని 6 అని చదివితే ఏమవుతుంది? ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుందని పాయిజెల్ సూత్రం. ఒక్క మైక్రాన్ తేడాతో ప్రవాహం లెక్క రెట్టింపు దాటుతుంది! నిజానికి నాళంకన్నా వెడల్పైన ఎర్రకణం ఒళ్లు వంచుకుని ఈ ఇరుకులోంచి దూరుతుంది కాబట్టి ఆ సూత్రం ఇక్కడ అచ్చంగా వర్తించదు. అయినా పొరపాటు ఎంత పెరుగుతుందో చెప్పడానికి అది చాలు.

కూడళ్ల లెక్కలోనూ చిక్కులున్నాయి. రంగు సరిగా అందని చోట నాళం తెగినట్టు కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో కేశనాళిక ఎక్కడా మూసుకుపోయిన సందులా ఆగిపోవడం దాదాపు ఉండదు. అందుకే అలాంటి కొసలు కనిపిస్తే వెనక్కి వెళ్లి సరిచూస్తారు. పక్కపక్కనే పోతున్న రెండు నాళాలు చిత్రంలో అంటుకుపోతే మాత్రం ప్రమాదం పెద్దది. తెగిన నాళం తన తప్పు తానే చూపిస్తుంది. దొంగ కూడలి అసలు కూడలిలాగే ఉంటుంది. ఎంత మంచి ప్రోగ్రామ్ ఉన్నా, ఎంచిన కొన్ని చోట్లనైనా మనిషి కళ్లతో పరీక్షించాలని నేను గట్టిగా అంటాను.

కణజాలాన్ని రసాయనాలతో పారదర్శకం చేసి చూసే పద్ధతులూ ఉన్నాయి. వాటిలో కొన్నిటివల్ల మెదడు కుంచించుకుపోతుంది, కొన్నిటివల్ల ఉబ్బుతుంది. ఆ మార్పు ఎంతో కొలిచి సవరించకుండా రెండు ప్రయోగశాలల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.