చిత్రముల రూపము మార్చుట

పరీక్షా దరఖాస్తునకు ఫోటో జతపఱుపబోగా ఫైలు చెల్లదని కంప్యూటరు త్రోసిపుచ్చుట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులకును అపుడపుడు తటస్థించును. 2017 నుండి ఐఫోనులు హెచ్.ఇ.ఐ.సి. రూపమున ఫోటోలను భద్రపఱచుచున్నవి. దరఖాస్తులు తఱచుగా జేపెగ్‌నే కోరును. ఫైలు పేరు చివరి అక్షరములను మార్చిన చాలదు. జొన్నల సంచిపై వరి యని వ్రాసినంత లోపలి ధాన్యము మాఱదు గదా!

1992 నాటి జేపెగ్ కంటికంతగా తోపని వివరములను విడిచి ఫైలును చిన్నది చేయును. 1996 నాటి పి.ఎన్.జి. ఏమియు విడువదు. గద్వాల చీర ఫోటోకు జేపెగ్ చాలును. దాని పట్టు అంచునకై గీసిన నమూనాకు పి.ఎన్.జి. మేలు. ఏలయన, జేపెగ్‌లో సన్నని గీతలు మసకబాఱును. జేపెగ్ విడిచిన వివరము పి.ఎన్.జి.గా మార్చినను తిరిగి రాదు. కావున మూలప్రతిని తుడిచివేయరాదు.

ఆన్‌లైనున రూపము మార్చు వెబ్‌సైటులు పెక్కు గలవు. వానిలో ననేకములందు మన చిత్రము పరుల కంప్యూటరునకు పోయి, అచట మాఱి వచ్చును. పూవు చిత్రమైన చింత లేదు. ఆధార్ కార్డో, తోబుట్టువుల ఫోటోయో యైనచో, అచటి ప్రతి తుడిచివేయబడెనో లేదో మనము చూడజాలము. అట్టివానిని మన యంత్రముననే మార్చుకొనుట క్షేమము. ఐఫోను కెమెరా సెట్టింగుల ఫార్మాట్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచినచో ఇకపై తీయు ఫోటోలు జేపెగ్‌లుగానే యుండును. పి.ఎన్.జి.ని విండోస్ పెయింటున తెఱచి 'సేవ్ యాజ్' ద్వారా జేపెగ్ చేయవచ్చును. నెట్ సెంటరున మార్పించుకొనువారు అచట మిగిలిన ప్రతిని తుడిపించిన పిదపనే లేచి రావలయునని మా మనవి.