గుండె ఆగితే మనం ఏం చేయగలం?

బాగానే ఉన్న మనిషి ఒక్కసారిగా కూలిపోతాడు. పిలిస్తే పలకడు. ఊపిరి ఆడదు. అందరూ చుట్టూ మూగుతారు. ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెడతారు. "అయ్యో, పోయాడు" అని ఏడుస్తారు.

నిజంగా పోయాడా? అప్పుడే కాదు.

మన గుండెలో సన్నని కరెంటు నడుస్తుంది. దానివల్లే గుండె కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఆ కరెంటు గాడి తప్పుతుంది. అప్పుడు గుండె కొట్టుకోదు, ఊరికే వణుకుతుంది. మెదడుకు రక్తం అందదు. ఏమీ చేయకపోతే నిమిషం నిమిషానికీ బతికే ఆశ నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గిపోతుంది. డాక్టరు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పక్కన ఉన్నవాళ్లే ఆదుకోవాలి.

అలా ఆదుకున్న చోటు ఒకటి ఉంది. అమెరికాలో చికాగో అనే పెద్ద నగరం. అక్కడి విమానాశ్రయాల్లో 1999లో చిన్న పెట్టెలు పెట్టారు. గబగబా నడిస్తే నిమిషం, నిమిషంన్నరలో ఒక పెట్టె దొరుకుతుంది. దాని పేరు ఏఈడీ. అక్కడ పనిచేసేవాళ్లకు దాన్ని వాడడం నేర్పారు.

ఆ పెట్టె మాట్లాడుతుంది! "పట్టీలు అంటించండి" అంటుంది. ఎక్కడ అంటించాలో బొమ్మ ఉంటుంది. షాక్ కావాలో వద్దో పెట్టే చూసుకుంటుంది. అక్కర లేకపోతే ఇవ్వదు. కావాలంటే "ఎవరూ తాకవద్దు" అని చెబుతుంది. ఆ షాక్‌తో వణికే గుండె మళ్లీ గాడిలో పడవచ్చు.

రెండేళ్లలో అక్కడ 18 మందికి గుండె ఇలా వణికి ఆగింది. వారిలో 11 మందికి ప్రాణం తిరిగి వచ్చింది. కాపాడినవాళ్లలో ఆ పెట్టె వాడడం నేర్చుకోనివాళ్లు కూడా ఉన్నారు. అది చెప్పినట్లు చేశారు, అంతే.

మన పల్లెల్లో ఆ పెట్టె సాధారణంగా దొరకదు. కానీ చేతులు ఉన్నాయి కదా!

1. భుజం తట్టి పిలవండి. పలకలేదా? ఊపిరి సరిగా ఆడడం లేదా?
2. ఒకరిని 108కి ఫోన్ చేయమనండి.
3. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి.
4. రొమ్ము మధ్యలో ఒక అరచెయ్యి, దానిమీద ఇంకో చెయ్యి పెట్టండి. మోచేతులు వంచకండి.
5. 2 అంగుళాలు దిగేలా నొక్కి వదలండి. దాదాపు సెకనుకు 2 సార్లు. 108 వచ్చేదాకా ఆపకండి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

మా కేంద్రంలో ఒక అక్క అడిగింది: "పరాయి మగాడి రొమ్ము మీద చెయ్యేస్తే నలుగురూ ఏమంటారమ్మా?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే పక్కనున్న పెద్దమ్మ అంది: "పడిపోయినవాడు నీ కొడుకైతే, పక్కనున్న ఆడమనిషి అలాగే ఆలోచిస్తే నీకెలా ఉంటుందే?"

ఆ అక్క మాట్లాడలేదు. లేచి దిండు తెచ్చింది. అందరం దానిమీద నొక్కడం నేర్చుకున్నాం. బతికున్న మనిషి మీద మాత్రం నేర్చుకోకూడదు.

మీ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడగండి. పది మంది కలిసి నేర్చుకోండి.